కొండ మీద అడిగిన వాన

నేను కాపురానికి వచ్చిన ఏడాదే వానలు పోయాయి. ఈ రెంటికీ సంబంధం ఉందని మా అత్తగారి ఊళ్లో ఎవరూ అనలేదు. లేదని కూడా ఎవరూ అనలేదు. నేను బిందె తీసుకుని బావి దగ్గరికి వెళితే ఆడవాళ్లు ముందు నా మొహం వంక చూసి, తర్వాత ఆకాశం వంక చూసేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ తలెత్తి చూసేదాన్ని. అక్కడ ఏమీ ఉండేది కాదు.

నేను పుట్టి పెరిగింది నరసరావుపేటలో. మా నాన్న కోర్టులో గుమాస్తా. మా ఇంట్లో వాన అంటే గొడుగు ఎక్కడ పెట్టామో వెతుక్కునే వ్యవహారం, అంతకు మించి ఏమీ లేదు. అత్తవారిది కొండవీడు కొండల కింద, పడమటి వైపు ఊరు. అక్కడ వాన సంగతి అలిగి వెళ్లిన అల్లుడి సంగతి లాంటిది. వస్తాడా రాడా, వస్తే ఎప్పుడొస్తాడు, పోయినేడు మనం ఏమన్నా అన్నామా, రోజంతా ఇవే మాటలు. మృగశిర పోయింది. ఆరుద్ర పోయింది. పునర్వసులో నాలుగు చినుకులు పడితే నమ్మి జొన్న విత్తినవాళ్లను చూసి, విత్తనివాళ్లు నవ్వారు. తర్వాత అందరూ కలిసి ఏడ్చారు. ఇవతల యుద్ధం రోజులు. కిరసనాయిలుకి కంట్రోలు, పంచదారకి కంట్రోలు. ఆకాశానికి కూడా తెల్లదొరలు కంట్రోలు పెట్టారేమోనని మా ఆయన అన్నాడు. ఆ మాటకు మా మామగారు నవ్వలేదు. ఆయన దేనికీ నవ్వేవారు కాదు.

ఊరు చేయగలిగినవన్నీ చేసింది. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పారు, మేం తలా ఒక చెంబు నీళ్లు పోశాం. ఆ కప్ప ఒక్కటే ఆ ఏడు సుఖంగా స్నానం చేసింది. శివుడికి అభిషేకం చేశారు, బావిలో మిగిలిన నీళ్లు సగం దానికే పోయాయి. మా ఊరి పేటలో చర్చి పంతులుగారు ఆదివారం ఆరాధనలో వాన కోసం మోకరించి ప్రార్థన చేయించారు. అందరూ అన్నివైపుల నుంచీ అడిగినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి మునసబుగారు రచ్చబండ మీద కూర్చుని, "ఇంక వరదపాశమే," అని తేల్చేశారు.

వరదపాశం అంటే ఏమిటో నాకు తెలియదు. మా అత్తగారు చెప్పింది. ఊరంతా కొండెక్కాలి. పైన చదునుగా ఉన్న బండను కడిగి, కొత్త కుండలో బెల్లం పాయసం వండి, ఆ బండ మీద పోయాలి. ఆకులుండవు, గిన్నెలుండవు. చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నాలుకతో నాకాలి. అప్పటిదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు, కాళ్లకు చెప్పులుండకూడదు. ప్రతి ఇంటి నుంచీ ఆలుమగలు రావాలి. నాకడం ఎందుకు అత్తయ్యా, దొప్పల్లో పోసుకుని తింటే వానదేవుడు వద్దంటాడా అని అడిగాను.

"మడుసుల మొహం చూసి ఆయన వాన ఇయ్యడమ్మాయ్," అంది. "మడుసులు చేసే పన్లు ఆయనకు తెలవదా? గొడ్ల మొహం చూసి ఇస్తాడు. అందుకని ఆ కాసేపు మనం గొడ్లమవ్వాల."

మా నాన్న కోర్టులో కూడా నేను ఇంత గట్టి వాదన వినలేదు. 

గొడ్ల సంగతి వచ్చింది కాబట్టి మా ఎడ్ల సంగతి చెప్పాలి. మా అత్తగారికి కొడుకు ఒక్కడు, ఎడ్లు రెండు. ప్రేమ కూడా ఇంచుమించు ఆ పాళ్లలోనే పంచింది. మా ఆయన్ని "ఒరేయ్" అని పిలిచేది, ఎడ్లను "నాయనా" అనేది. తల్లి పోయిన దూడలను తెచ్చి, గంజి తాగించి, తన చీర ముక్క కప్పి పెంచిందట. మా ఆయన దీనికి ఏమీ అనుకునేవాడు కాదు. ఆ ఇంట్లో ముందు ఎడ్లకు పెట్టి తర్వాత తనకు పెట్టడం న్యాయమే అని అతని అభిప్రాయం కూడా. ఆ ఏడు ఆ న్యాయం జరగడానికి మేత లేకుండా పోయింది. చొప్ప వామి ఎప్పుడో అయిపోయింది. మా అత్తగారు పొద్దున లేచి తుమ్మకాయలు ఏరుకొచ్చేది, వేపరొట్ట విరుచుకొచ్చేది, తన గంజిలో సగం వాటి కుడితిలో పోసేది. ఎడ్ల డొక్కలు లోపలికి పోయాయి. అత్తగారి బుగ్గలూ పోయాయి.

ఒక సాయంత్రం మా మామగారు పశువుల దళారిని పిలిపించారు. మాచవరం వైపు మనిషి. వరసకేమీ కాడు గానీ మామగారిని బావా అని, అత్తగారిని అక్కా అని పిలిచేవాడు. అరుగు మీద కూర్చుని, తుండుగుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, పైకి మాత్రం ఎవరింట్లో పెళ్లి ఎప్పుడని మాట్లాడుకుంటూ బేరం కుదుర్చుకున్నారు. ఎడ్ల బేరం అలాగే చేయాలట. దొడ్లో ఎడ్లకు వినపడకూడదనేమో అనుకున్నాను. వాటికి వినపడలేదు గానీ అత్తగారికి వినపడింది.

"రేపు కొండెక్కి గొడ్ల కోసం వానిమ్మని అడగబోతా, ఈరోజు గొడ్లను అమ్ముతావా? ఆ పైనున్నోడు నవ్వడా?" అంటూ బయటికి వచ్చింది.

"నవ్వితే నవ్వనీ. నవ్వుతా నవ్వుతా అన్నా కురుస్తాడేమో," అన్నారు మామగారు.

"పస్తు పెట్టుకునైనా ఉంచుకుంటా నేను."

"నువ్వు పస్తుంటే ఎద్దు డొక్క నిండదే. గడ్డి లేదు. గడ్డి లేకపోతే చస్తయ్యి. మన దగ్గర చచ్చేదానికన్నా ఇంకోడి దగ్గర బతకటం మంచిది. దీంట్లో ఏడవటానికి ఏముందో చెప్పు."

మా మామగారు ఉన్నమాట తప్ప ఇంకొకటి అనలేని మనిషి. మా పెళ్లిలో మా నాన్న మర్యాదకు "వంటలు ఎట్లా ఉన్నాయి బావగారూ" అని అడిగితే, "పప్పు మాడింది" అన్నారు. మాడిన మాట నిజమే. ఊళ్లో గట్టు తగాదాలు వస్తే ఇద్దరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అన్నదమ్ములని చూడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు. అందుకని ఊరంతా ఆయన్ని గౌరవించేది, శుభకార్యాలకు మాత్రం కాస్త ఆలోచించి పిలిచేది.

అత్తగారు దొడ్లోకి పోయి రెండు ఎడ్ల మధ్యా కూలబడింది. ఏడిస్తే ఊరుకోవచ్చు, ఏడవలేదు. దళారికి అది ఇబ్బంది అయింది. మనసున్నవాడు. తుండుగుడ్డ దులుపుకుని అన్నాడు:

"బావా, అక్కను చూళ్లేకపోతన్నా. ఒక మాట చెప్తా విను. రేపు దీపాలు పెట్టే ఏళకు వస్తా. ఈలోపు నీ దొడ్లో చినుకు పడిందా, బేరం లేదు, ఎడ్లు నీయే. పడకపోయిందా, తోలుకుపోతా."

"పడిందో లేదో ఎవరు చెప్పాల?" అన్నారు మామగారు. ఆయనకు అన్నీ ముందే తేలాలి.

"నువ్వే చెప్పు. నీ మాట కన్నా ఏం కావాల?"

అన్నాక దళారి తలెత్తి ఆకాశం చూశాడు. ఆ చూపులో మా మీద జాలి ఉంది గానీ భయం లేదు.

మర్నాడు సోమవారం. పొద్దెక్కకముందే ఊరి చివర జనం చేరారు. ఎడ్ల దగ్గర మా ఆయన్ని కాపలా ఉంచారు. ఆలుమగల లెక్కకు అత్తగారు, మామగారు సరిపోయారు, కానీ నన్ను కూడా తీసుకెళ్లారు. కొత్త కోడలు నీళ్ల బిందె మోస్తే మంచిదని బావి దగ్గర ఆడవాళ్లు తీర్మానించారట. బిందె నా నెత్తికెత్తిన ముసలమ్మ, "జాగర్త తల్లీ, నీ కాలు ఎట్టాంటిదో ఇయ్యాల తేలుద్ది," అని దీవించింది.

ముందు డప్పులు. వాటి వెనక మునసబుగారు, చంకలో గొడుగుతో. ఆ గొడుగు మీద బయలుదేరకముందే పెద్ద తగాదా జరిగింది. వానను అడగటానికి పోతూ గొడుగు తీసుకెళ్లడమంటే నమ్మకం ఉన్నట్టని ఒకరు, వస్తే మాకు అక్కర్లేదని మొహం మీద చెప్పినట్టని ఇంకొకరు. అది ఎండకు తెచ్చుకున్నానని మునసబుగారు చెప్పుకున్నారు గానీ, అనుమానం వచ్చాక ఆ గొడుగును ఆయన విప్పలేకపోయారు. తల మీద ఎండ, చంకలో గొడుగు, అలాగే నడిచారు. వెనక కొత్త కుండలు, కట్టెలు మోసేవాళ్లు, బెల్లం గంప. బెల్లం కోమటి కొట్టు శెట్టిగారు ఇచ్చారు. దొరకని రోజుల్లో దాచిన బెల్లం ఎక్కడి నుంచి వచ్చిందని ఆ ఒక్క రోజుకీ ఎవరూ అడగలేదు. పేట నుంచి పంతులుగారు కూడా కొంతమందిని వెంటబెట్టుకుని వచ్చారు. "నిన్న కూడా ప్రార్థన చేశాం. ఇవాళ మీతో నడుస్తాం. నాకటం మాత్రం మా వల్ల కాదు," అని ముందే చెప్పేశారు. అందరూ సరేనన్నారు. కట్టెలు మోసే చేతులు ఎవరివైతేనేం.

కొండ మొదట్లో గాలి అన్నదే లేదు. పాతకాలం రాజులు వేయించిన మెట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల వాటి జ్ఞాపకం ఉంది. బండలు అప్పటికే కాలుతున్నాయి. చెప్పుల్లేకుండా నడిచిన అలవాటు నాకు లేదు. పెనం మీద అట్టులాగా కాళ్లు మార్చి మార్చి వేస్తుంటే బిందెలో నీళ్లు తొణికి మెడ మీద పడ్డాయి. ఆ చల్లదనానికి ఇంకాస్త తొణికించాను. మా అత్తగారు చూసింది. "ఏమే, అయి బండ కడగటానికి, నిన్ను కడగటానికి కాదు," అంది. ఎక్కేటప్పుడు ఆమె మాట్లాడిన మాట అదొక్కటే. నోరు కదులుతూనే ఉంది. ఏం మొక్కుకుంటోందో నాకు తెలుసు. ఊరంతా ఊరికి వాన పడాలని నడుస్తుంటే ఆమె ఒక్క దొడ్డికి పడాలని నడుస్తోంది, అదీ దీపాలు పెట్టే లోపల.

మొదటి కోట వాకిలి దాటేసరికి పడమటి గాలి లేచింది. వేడి గాలి. దుమ్ము కళ్లల్లో కొట్టింది, ఆడవాళ్ల పమిటలు నిలవలేదు. మునసబుగారి చంకలో గొడుగు తనంతట తానే విప్పుకుని వెనక్కి తిరగబడింది. ఆయన దాన్ని తిట్టి మళ్లీ ముడిచారు. సీతాఫలం చెట్ల కింద కాసేపు ఆగాం. పిందెలు రాలి ఎండిపోయి ఉన్నాయి. ఒకామె కళ్లు తిరిగి కూర్చుంది. నీళ్లు తాగించబోతే, తాగితే వరదపాశం చెడుతుందని, తలకు అద్దుకుని లేచి నడిచింది. నాకు ఆకలి, మంట, కోపం, మూడూ కలిసి వచ్చాయి. ఇంతమంది కష్టాన్ని చూసి కూడా కురవని ఆకాశం మీద ఎవరైనా దావా వేస్తే బాగుండుననిపించింది.

రెండో వాకిలి దగ్గర మబ్బు కనిపించింది. కొండ అవతలి నుంచి, ఫిరంగిపురం వైపు నుంచి, నల్లగా పైకి లేస్తోంది. నేను నోరు తెరిచేలోపల మా అత్తగారు నా నోరు మూసింది. మబ్బును వేలు పెట్టి చూపించకూడదట, మాట అనకూడదట, అంటే పోతుందట. అది నాకు తప్ప అందరికీ తెలుసు. కాబట్టి ఊరంతా ఆ మబ్బును చూడనట్టు నటిస్తూ నడిచింది. ఒకాయన ఆముదం ధర గురించి మాట్లాడాడు. పంతులుగారు కూడా, ఇవన్నీ నమ్మని మనిషి, తల వంచుకుని కాలి బొటనవేలు చూసుకుంటూ నడిచారు. చల్లగాలి తగిలింది. చెమట ఆరి ఒళ్లు జలదరించింది. ఎవరూ ఏమీ అనలేదు. డప్పులు కొట్టేవాళ్లు కూడా మెల్లగా కొట్టారు.

పైన ఎండిన చెరువు గట్టు పక్కన బండ ఉంది. నేను నీళ్లు పోశాను, ఆడవాళ్లు కడిగారు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశారు. కుండలో ఎసరు పోశారో లేదో, ఉరిమింది. ఇంకో ఉరుము. ఆ తర్వాత చినుకులు కాదు, దిమ్మరించినట్టు వాన.

జనం ఆనందంతో గంతులు వేయాలి. వేయలేదు. అందరూ మునసబుగారి వంక చూశారు. ఆయన తడిసిపోతూ, మొహం మీద కారుతున్న నీళ్లు తుడుచుకుంటూ, చాలాసేపు ఆలోచించారు.

"పాశం పొయ్యకముందే వచ్చింది," అన్నారు. "ఇది మనకొచ్చిన వాన కాదు. మన వాన ఇంకా రావాల. వండండి."

ఎవరో గొణిగారు గానీ లోపల అందరికీ అదే భయం. మొక్కిన మొక్కు సగంలో ఆపితే వాన కూడా సగంలో ఆగుతుందని. అందుకని, వాన కోసం కొండెక్కిన మేం, ఆ వానలో పొయ్యి ఆరిపోకుండా కాపాడటానికి నానా తిప్పలు పడ్డాం. మునసబుగారి గొడుగు పొయ్యికి పట్టారు. దాని చుట్టూ నలుగురు ఆడవాళ్లం పమిటలు చాచి నిలబడ్డాం. మా అత్తగారు నేల మీద బోర్లా పడుకుని, పొగ మింగుతూ ఊదింది. తడి కట్టెలు ఏడ్చాయి, మా కళ్లూ ఏడ్చాయి. పంతులుగారు తన పైపంచె తీసి కట్టెల మీద కప్పారు. బియ్యం ఉడికిందనలేం, నానింది. బెల్లం కరిగింది. అది చాలన్నారు.

పాయసం బండ మీద పోశారు. వాన దాన్ని వెంటనే పల్చన చేసి పల్లానికి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఊరి పెద్దలు, ఆడవాళ్లు, చేతులు వెనక్కి పెట్టుకుని దాని వెంట మోకాళ్ల మీద పాక్కుంటూ నాకారు. నేనూ వంగాను. తీపి తగిలింది, ఇసుక తగిలింది, ఎక్కువగా వాన తగిలింది. నాకు నవ్వొచ్చింది. కోర్టు గుమాస్తా కూతురు ఏం చేస్తోందో మా నాన్న చూస్తే అనుకుని, నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను.

పక్కన మా అత్తగారు ఉంది. నుదురు బండకు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని, నాకుతోంది. తల ఊపే తీరు కూడా ఎడ్ల లాగే ఉంది. కుడితి తొట్టి దగ్గర అవి ఎట్లా ఊపుతాయో అట్లాగే. ఆమె ఆ కాసేపు నిజంగానే ఎద్దయి అడుగుతోంది. నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ ఏడుపొచ్చింది. ఎడ్లు ఉంటే చాలు తండ్రీ, నా కాలు ఎట్లాంటిదైనా పర్వాలేదని నేను కూడా ఆ బండకు చెప్పుకున్నాను.

వాన తగ్గాక అందరం కొండ అంచుకు వెళ్లి కిందికి చూశాం. మా ఊరు కనిపించింది. చేలు, చెరువు, డొంకదారి, అన్నీ స్పష్టంగా కనిపించాయి, ఎందుకంటే ఊరి మీద ఎండ ఫెళ్లున కాస్తోంది. వాన మాత్రం కొండ వీపు మీదుగా, వచ్చిన దారినే తూర్పుకు పోతోంది. ఫిరంగిపురం వైపు తెర దించినట్టు కురుస్తోంది. ఎద్దు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవని వాన అని వినడమే గానీ, ఆ కొమ్ముల మధ్య నిలబడి చూడడం అదే మొదలు.

 చివరికి మునసబుగారే అన్నారు:

"తప్పు మనదే. కొండ మీద నిలబడి అడిగాం. కొండ మీద ఇచ్చాడు. చేలో నిలబడి అడగాల్సింది."

దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. మెట్ల మీద నీళ్లు పారుతున్నాయి, ఎండిన పాచి నానింది. ఇద్దరు ముగ్గురు కూర్చుని జారారు, కూర్చోకుండా కొందరు జారారు. మామగారు చేతికర్ర గుచ్చి ఒక్కో అడుగూ చూసి వేశారు. రెండో వాకిలి దాటగానే మళ్లీ ఎండ. మొదటి వాకిలి దగ్గర బండలు పొడిగా, ఎప్పుడూ వాన ఎరగనట్టు కాలుతున్నాయి. ఒంటి మీద బట్టలు ఆవిర్లు కక్కుతూ ఆరసాగాయి. అప్పటిదాకా నా వెనక కాళ్లీడ్చుకుంటూ వస్తున్న మా అత్తగారు ఉన్నట్టుండి నన్ను దాటేసింది. పమిటంతా ఉండచుట్టి చంకలో గట్టిగా అదుముకుని, కొంగు కొసలు గుప్పిట్లో పట్టుకుని, దాదాపు పరుగెత్తుతోంది. ఆ వయసు మనిషికి, ఆ పస్తు మీద, అంత నడక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

"అత్తయ్యా, పడతావు!" అన్నాను.

"నీ పమిట కూడా ముడెయ్యి. ఎండకు పెట్టమాక!" అని వెనక్కి చూడకుండా అరిచింది.

ఎందుకో తెలియదు గానీ ముడి వేసుకున్నాను. ఆమె వెంట నేనూ పరుగెత్తాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. దళారి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన కొత్త పలుపుతాళ్లు రెండు. మా ఆయన అతనికి మజ్జిగ ఇచ్చి, ఎదురుగా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మా వెనకే మామగారు వచ్చారు. దొడ్లో దుమ్ము దుమ్ముగానే ఉంది.

"కొండ మీద దంచిందంట గదా బావా," అన్నాడు దళారి. గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఇక్కడ మాత్రం పడలా."

మామగారు నేల చూశారు. "పడలా," అన్నారు.

దళారి పలుపులు తీసుకుని లేచాడు. అతనికన్నా ముందు మా అత్తగారు ఎడ్ల దగ్గరికి చేరింది. చంకలో ఉండను తీసి, పెద్ద ఎద్దు వీపు మీద పట్టుకుని, రెండు చేతులతో మెలిపెట్టి పిండింది. ఆ గుడ్డ దారంతా ఆరకుండా దాచింది కదా, నీళ్లు వచ్చాయి. ధార ఏమీ కాదు, టపటపమని పడ్డాయి. ఎద్దు చర్మం ఒక్కసారి జలదరించింది. తర్వాత ఆమె నా వైపు చెయ్యి చాచింది. నా పమిట ముడి విప్పి నేను రెండో ఎద్దు మీద పిండాను. 

"అక్కా, అది వాన కాదు గదా," అన్నాడు దళారి మెల్లగా.

"మరేంది? బాయిలో నీళ్లా?" అంది అత్తగారు. "వానే ఇది. పైన పడింది, కిందికి రాలా. దానికి రావటం చేతకాకపోతే నేను తెచ్చా."

దళారి మామగారి వంక తిరిగాడు. పడిందో లేదో చెప్పవలసింది ఆయనే. నాకు ఆశ లేదు. నా పెళ్లిలో మాడిన పప్పును మాడిందని చెప్పిన మనిషి ఆయన. ఆయన నడిచి వెళ్లి ఎద్దు వీపు మీద చెయ్యి పెట్టారు. అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. ఆ తర్వాత మా అత్తగారి వంక చూశారు. ఆమె ముక్కు మీద పొయ్యి మసి, మోకాళ్ల దగ్గర చీర చినిగి నెత్తురు. 

"పడింది," అన్నారు.

"నువ్వేనా బావా ఈ మాట అంటంది?"

"నేనే అంటన్నా. నా దొడ్లో చినుకు పడింది."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఎక్కడా ఒక్క అబద్ధం ఆడని మనిషి మొదటిసారి ఆడితే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. దళారి ఆయన్ని చూశాడు, ఎడ్లను చూశాడు, కాళ్ల కింద దుమ్మును చూడకుండా జాగ్రత్తపడ్డాడు. పలుపులు భుజాన వేసుకుని, తుండుగుడ్డ దులిపి తలకు చుట్టుకున్నాడు. "సరే బావా. నువ్వు పడిందంటే పడినట్టే," అని, మజ్జిగ బాగుందని నాతో చెప్పి వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగాడు. మా ఆయన ఎద్దు మెడ పట్టుకుని నిలబడిపోయాడు. అత్తగారు అక్కడే నేల మీద కూర్చుంది. అప్పుడు అందరికీ ఒకేసారి అదే సంగతి గుర్తొచ్చింది. ఎడ్లు మిగిలాయి, మేత మిగల్లేదు. పొద్దున వేసిన వేపరొట్ట కూడా అయిపోయింది. అత్తగారు ఖాళీ మేత గాడి వంక చూసి, మామగారి మొహం వంక చూడలేక తల వంచుకుంది.

మామగారు గొడ్ల చావడి పక్కనున్న నిచ్చెన తీసుకొచ్చి ఇంటి గోడకు ఆనించి, కొండ దిగిన పంచెతోనే పైకెక్కారు. తన మంచం ఉండే చోటికి సరిగ్గా పైన, పూరికప్పు కట్లు కోసి, గడ్డి పీకడం మొదలుపెట్టారు. పై పొర ఎన్ని ఏళ్లదో, మసిలాగా నల్లగా ఉంది, దాన్ని పక్కకు తోసేశారు. లోపలి నుంచి పసుపుపచ్చ గడ్డి వచ్చింది. కట్టగా పట్టి కిందికి విసిరారు. ఎడ్లు ముట్టెలు చాచాయి.

"ఏమయ్యా, ఇల్లు పీకతన్నావేంది!" అంది మా అత్తగారు లేచి. "రేపు నిజంగానే వానొస్తే యాడ పడుకుంటావు?"

ఇంకో కట్ట వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని ఎత్తి రొమ్ముకు హత్తుకుని, రోజంతా దాచుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. "చాలయ్యా, ఇంక చాలు, దిగు," అంటూ ఏడ్చింది.

"ఆగవే," అన్నారు ఆయన పైనుంచి. "రెండోదానికి ఇంకా వెయ్యలా."